ఎడమ కంటి తుపాకి

ఇదంతా ముందే ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే, నాకు రాయడం రాదు గనుక. పలకా బలపం పట్టాల్సిన వయసులో మా అమ్మ నా చంకలో తమ్ముణ్ణి పెట్టింది. వాడు దిగేసరికి చెల్లెలు ఎక్కింది. చెల్లెలు దిగేసరికి నాకు పెళ్ళయింది. పెళ్ళయ్యాక అమీర్‌పేట వచ్చాను, ఆడపిల్లల హాస్టల్లో వంట మొదలుపెట్టాను, తర్వాత ఆ హాస్టలే మాదైంది.

అమీర్‌పేటలో దొరకని చదువు లేదంటారు. నిజమే. ప్రతి మెట్ల పక్కనా బోర్డు, ప్రతి బోర్డు మీదా కోర్సు. కంప్యూటర్‌కు ఎన్ని భాషలు వచ్చో అన్నీ ఇక్కడ నేర్పుతారు. ‘అ ఆ’ మాత్రం ఎవరూ నేర్పరు, దానికి ఉద్యోగం రాదు కదా. కూరగాయల సంచి మోసుకుంటూ ఏళ్ళ తరబడి ఆ బోర్డుల కింద నడిచాను. అవి నాకు చీర అంచు మీది లతల్లాగే కనిపించేవి. చివరికి మా హాస్టల్ అమ్మాయిలే మధ్యాహ్నం పూట మెస్సు బల్ల దగ్గర కూర్చోబెట్టి దిద్దించారు. గుణింతాలప్పుడు వాళ్ళ పప్పులో నెయ్యి పెరిగింది. ఒత్తుల దగ్గర అప్పడాలు కూడా ఇచ్చాను. చదవడం వచ్చాక తెలిసిందేమిటంటే, ఇన్నాళ్ళూ ఆ బోర్డుల మీద పెద్దగా ఏమీ లేదు.

రాయడం వచ్చింది కదా, ఏం రాయాలా అని చూసుకుంటే మా ఇంట్లో తుపాకి కొన్న సంగతి తగిలింది. దేశాలు కూడా ఇంత చర్చించి కొని ఉండవు.

మేము హాస్టల్ పైఅంతస్తులో ఉంటాం. నేను, మా ఆయన, కూతురు, అల్లుడు, మనవరాలు. మనవరాలు ఎనిమిదో తరగతి. బడి స్నేహితురాలితో ఒకరోజు పంజాగుట్టలో ఒక షూటింగ్ రేంజికి వెళ్ళింది. గాలితో పేలే రైఫిలు, పది మీటర్ల దూరంలో ఒక అట్ట, అట్ట మీద నల్లటి చుక్క. ఆ చుక్కను కొట్టాలి. అంతే ఆట. ఇంటికి వచ్చాక అన్నం తింటూ కూడా గోడ మీది మేకును చూస్తూ కూర్చుంది. సరే, దీనికి పట్టింది అనుకున్నాను.

‘ఆడపిల్లకు తుపాకా’ అని మా ఆయన గోల చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. ‘బల్కంపేట ఎల్లమ్మ చేతిల ఆయుధం లేదా?’ అన్నాడు. ఎంత గొప్ప మనసో అని మురిసిపోయాను. ఆయన పేచీ తుపాకి మీద కాదని, చెయ్యి మీదని తర్వాత తెలిసింది.

కొన్ని నెలలు బాగానే గడిచింది. ఆ తర్వాత పిల్లకు మెడ నొప్పి, తల నొప్పి. రేంజి నుంచి రాగానే పడుకునేది. ఒకరోజు నేనే తోడు వెళ్ళాను. అక్కడ నేర్పే అమ్మాయిని అందరూ కోచ్ మేడమ్ అంటారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె పిల్లను పిలిచి, రెండు చేతులూ ముందుకు చాపించి, అరచేతుల మధ్య చిన్న సందు చేయించి, అందులోంచి గోడ గడియారం చూడమంది. తర్వాత ఒక్కో కన్నూ మూయమంది. కుడి కన్ను మూసినా గడియారం కనిపించింది. ఎడమ కన్ను మూయగానే మాయమైంది.

‘అమ్మా, ప్రతి మనిషికీ ఒక కన్ను పెత్తనం చేస్తది. ఈ పాపకు ఎడమది’ అంది కోచ్. ‘ఇక్కడున్న రైఫిళ్ళన్నీ కుడి చేతివి, పైగా పెద్దవాళ్ళ కొలతవి. పాప కుడి కన్నుతో కష్టపడి చూస్తుంది, మెడ వంచి కొడుతుంది. ఇట్లనే కొడితే మెడ పాడైతది. నేను కొట్టనియ్యను. తనకు సరిపోయే రైఫిలు తెచ్చుకుంటే జిల్లా సెలక్షన్స్‌కు పేరిస్తా. లేకుంటే ఈ ఏడు వద్దు.’

మా ఇంట్లో పెత్తనం చేసేవాళ్ళకు కొదవ లేదు. కళ్ళు కూడా చేస్తాయని మాత్రం అప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చి నేనూ చేతులు చాపి చూసుకున్నాను. నాకు కుడిది. మా ఆయనను చూడమంటే రెండు కళ్ళూ ఒకేసారి మూశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సభ జరిగింది. మా అల్లుడు కోస్తా అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఆఫీసు, మంచివాడు. కానీ మిక్సీ కొనాలన్నా పది వీడియోలు చూడందే కొనడు. చూశాక అందరికంటే పెద్దది కొంటాడు.

‘అత్తయ్య గారూ, పెరిగే పిల్ల కదండీ. రెండేళ్ళలో పొడుగైపోతుంది. ఇప్పుడు చిన్నది కొంటే మళ్ళీ కొనాలి. ఒకేసారి పెద్దది కొనేస్తే పోలా?’ అన్నాడు.

పెరిగే పిల్ల. ఈ మాటకు మా ఇళ్ళల్లో ఎదురు లేదు. పెరిగే పిల్ల అని గౌను మోకాళ్ళ కింద దాకా కుట్టిస్తాం. బూట్లలో కాగితం కుక్కుతాం. ఆ మాట మీదే పిల్లకు ఒక సైకిల్ కూడా కొన్నాడు మా అల్లుడు. దాని కాలు పెడలుకు అందే నాటికి సైకిలు తుప్పు పట్టింది. ఇప్పుడు అదే మాట తుపాకి దగ్గరికి వచ్చింది.

మా ఆయన వేరే దారిన వచ్చాడు. ‘పొడుగూ పొట్టీ తర్వాత. ఎడమ చేత్తోటి ఎవలన్న మంచి పని జేస్తరా? ప్రసాదం ఎడమ చేత్తోటి తీస్కుంటరా?’

‘తాతా, నేను ప్రసాదాన్ని కాల్చను గదా’ అంది మనవరాలు.

‘పెద్దోళ్ళు మాట్లాడుతుంటే నడుమల రాకు’ అన్నాడు తాత. తుపాకి దానిది, మెడ దానిది, కన్ను దానిది. నడుమలోకి రావద్దు.

మా కూతురు మాత్రం ‘ముందు పరీక్షలు కానివ్వండి’ అంది. ఆమె ప్రతి సభలోనూ అదే అంటుంది. వంట గ్యాస్ అయిపోయిందన్నా ముందు పరీక్షలు కానిమ్మంటుంది.

వార్త మెట్లు దిగి పక్కింటికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? మర్నాడే పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది.

‘గన్ను కొంటున్నరంట గదా అక్కా. జర మా బాల్కనీల పావురాల సంగతి సుత చూడున్రి.’

‘పావురాలు కదుల్తయమ్మా. మా పిల్ల కదలని కాగితాన్ని కొడ్తది’ అన్నాను.

‘కదలని కాగితానికి గింత ఫికరా?’ అని లోపలికి పోయింది.

పిల్ల ఆ రాత్రి నా పక్కన పడుకుని చెవిలో చెప్పింది. ‘అమ్మమ్మా, నాన్న పెద్దది తెస్తడు. తెచ్చినంక ఇది నాకు పనికిరాదని నేను చెప్పలేను. నాన్న మొహం చూడలేను. అప్పుడు ఆట బంద్ చేసుడే.’ ఆ మాట అని అటు తిరిగింది. నిద్రపోయిందో లేదో నాకు తెలియదు. నాకైతే నిద్ర పట్టలేదు.

శనివారం దుకాణానికి బయలుదేరాం. నేను, మా ఆయన, అల్లుడు. పిల్ల లెక్కల ట్యూషన్‌కు పోయింది. వెనకటికి పెళ్ళిళ్ళు ఇలాగే కుదిర్చేవారు. పెళ్ళికూతురు తప్ప అందరూ వెళ్ళి, చూసి, నచ్చిందని వచ్చేవారు.

పంజాగుట్ట సందులో మొదటి అంతస్తు. ఆటల సామాన్ల దుకాణం. ముందు గదిలో బ్యాట్లు, వెనక గదిలో రైఫిళ్ళు. దుకాణదారు తెల్ల గడ్డం మనిషి. మా ముగ్గురినీ తలుపు దాకా చూసి, మా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా చూశాడు.

‘షూటర్ ఎవరు సార్?’

‘మా పాపండీ’ అన్నాడు అల్లుడు.

‘ఏది పాప?’

‘ట్యూషన్‌లో ఉంది.’

‘అచ్ఛా. మరి గన్ను ఎవలి భుజానికి పెట్టి చూడాలె? మీదా, పెద్దాయనదా, అమ్మదా?’

మా ఆయనకు అది పిలుపులా వినిపించింది. బల్ల మీదున్నదాన్ని ఎత్తి భుజానికి పెట్టుకుని, అల్లుడి వైపు తిరిగి ‘ఫోటో తియ్యి’ అన్నాడు. దుకాణదారు ఒక్క ఉదుటున వచ్చి గొట్టం కిందికి వంచాడు.

‘ఖాళీదైనా సరే, మనిషి దిక్కు చూపియ్యొద్దు పెద్దాయనా. అల్లుడంటే గంత కోపమా?’

మా ఆయన తుపాకి దించాడు. కోపం సంగతి మాత్రం ఖండించలేదు.

అల్లుడి చూపు అప్పటికే ఒకదాని మీద పడింది. నల్లగా, పొడుగ్గా, ఒంటి నిండా మరలు, మీటలు. ఎత్తితే నా మెస్సులో పప్పు గిన్నె బరువుంది. ‘దేశం తరఫున ఆడేవాళ్ళు ఇలాంటివే వాడతారండీ. వీడియోలో చూశాను’ అన్నాడు. దాన్ని ముట్టుకున్న తీరు చూస్తే, పిల్లకు కొంటున్నాడో తన చిన్నప్పటి ఆశకు కొంటున్నాడో తెలియలేదు. జేబులోంచి కార్డు కూడా తీశాడు.

‘అల్లుడూ, చెప్పులు కొనాలన్నా కాలును తీస్కపోతం గద’ అన్నాను.

‘అవి చెప్పులండీ అత్తయ్య గారూ. ఇది ఇంజినీరింగ్.’

అప్పటికి నేను ఒత్తులే దాటలేదు. ఇంజినీరింగ్ దాకా ఎప్పుడు పోతాను? అయినా కొంగు దోపుకుని ఆ బల్లకు అడ్డంగా నిలబడ్డాను. పిల్ల రాకుండా కొంటే నేనిక్కణ్ణుంచి కదలనన్నాను. దుకాణదారు గడ్డం నిమురుకుని ‘సార్, ఇది రేపటి దాకా ఎక్కడికీ పోదు. పాపను తీస్కరండి’ అన్నాడు. అల్లుడు కార్డు జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చే దారంతా కిటికీలోంచి మెట్రో స్తంభాలు చూస్తూ కూర్చున్నాడు.

పొడుగు సంగతి రేపు తేలుతుంది. చెయ్యి సంగతి ఆ సాయంత్రమే తేల్చాలి. ఎందుకంటే దుకాణంలో మా ఆయన పిల్ల చేతిని పట్టుకుని కుడివైపు లాగుతాడు. నేనాయనను ఎరుగుదును.

పంచాంగం ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన పంచాంగం చూడకుండా సెలూన్‌కు కూడా పోడు.

‘ఏమయ్యా, ఆడోళ్ళకు ఏ కన్ను అదిరితే మంచిది?’ అని అడిగాను.

‘ఎడమ కన్ను. గింత వయసొచ్చింది, గది సుత ఎరుక లేదా?’

‘కుడి కన్ను అదిరితే?’

‘కీడు.’

‘మరి మన పిల్లను గా కీడు కన్నుతోటి ఎందుకు కొట్టుమంటున్నవు?’

పేజీ తిప్పబోయిన చెయ్యి ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

‘అదురుడు వేరు, కొట్టుడు వేరు.’

‘కన్ను ఒకటే గద.’

‘మరి చెయ్యి?’

‘కన్ను ఎటు పోతే చెయ్యి అటు పోవాలె. నువ్వు అమీర్‌పేటకు వస్తే నేను రాలేదా? నాకేమన్న ఇష్టముండి వచ్చిన్నా?’

ఆయన పంచాంగం పేజీలు మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. ఆ శాస్త్రం మీద నాకెంత నమ్మకముందో ఇక్కడ రాయను. నా ఎడమ కన్ను పెళ్ళి రోజు పొద్దంతా అదిరింది. ఆ తర్వాతి సంగతులు నాకు తెలుసు, ఆయనకు తెలుసు. కానీ మొండి తాళానికి దాని చెవే పెట్టాలి, వేరే చెవి పెడితే విరుగుతుంది. పొద్దున్నే ఆయన కిందికి వెళ్ళి పాలవాడికీ, పక్కింటాయనకూ, హాస్టల్ వాచ్‌మన్‌కూ చెబుతుండగా విన్నాను: ‘మా మనుమరాలిది ఎడమ కన్ను. ఆడపిల్లకు శాస్త్రం ప్రకారం గదే శుభం. గీ కోచులకు గివన్నీ ఏం తెలుస్తయి? నేను జెప్పిన.’

ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని మళ్ళీ అదే దుకాణం. ఈసారి దుకాణదారు మా ముగ్గురినీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టడం అంటే, లేవొద్దని.

‘పాపా, ముందు కళ్ళు మూసుకో. గోడ దిక్కు తిరిగి, నీకు ఎట్ల హాయిగుంటే అట్ల గన్నును భుజానికి ఆనించు. చెంప పెట్టు. పెట్టినంక కన్ను తెరువు.’

మొదట అల్లుడి నల్లది ఇచ్చాడు. దాన్ని ఎత్తడానికే పిల్ల నడుము వెనక్కి వంగింది, నీళ్ళ బిందె చంకన పెట్టుకున్నట్టు. మెడ కోడి మెడలా సాగింది.

‘కన్ను తెరిచినవా? ఏం కనిపిస్తుంది?’

‘ఏం కనిపిస్తలేదు అంకుల్. నల్లగుంది.’

‘రెండేళ్ళు ఆగితే కనిపిస్తుందండీ’ అన్నాడు అల్లుడు.

‘అయితే పోటీలను రెండేళ్ళు ఆగమని చెప్పండి సార్’ అన్నాడు దుకాణదారు.

మా ఆయన పకపకా నవ్వాడు. ఆయనకు అల్లుడు ఓడిపోవడం పండగ లాంటిది. అల్లుడు నవ్వలేదు.

దుకాణదారు లోపలికి పోయి, బీరువా వెనకనుంచి ఇంకొకటి తెచ్చాడు. గోధుమరంగు చెక్క, పొట్టిది, తేలిక. చెంప ఆనించే చెక్క అవతలి వైపుకు ఉంది, మీట కూడా అటే. ఎడమ చేతి వాళ్ళది. ఎవరో తెప్పించుకుని తీసుకోలేదట. మరలు లేవు, మెరుపు లేదు. మా మెస్సు గుమ్మానికి వేసే అడ్డకర్రలా ఉంది.

పిల్ల కళ్ళు మూసుకుంది. ఎడమ భుజానికి పెట్టుకుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే దాని చెంప వెళ్ళి ఆ చెక్క మీద పడింది, నిద్రలో దిండు మీద పడినట్టు. మెడ నిటారుగా ఉంది. కన్ను తెరిచింది.

‘ఏం కనిపిస్తుంది?’

‘గోడ మీద మీ క్యాలెండర్. ఇయ్యాల్టి తారీకు.’

‘అట్లనే పట్టుకో. చెయ్యి వణికితే దించు.’

దించలేదు. దుకాణదారు ముందు గదిలోకి వచ్చినవాళ్ళకు ఒక బ్యాటు చూపించి, బేరం చెడగొట్టుకుని తిరిగి వచ్చేదాకా దించలేదు.

అల్లుడు దగ్గరికి వచ్చి చెక్కను వేలితో కొట్టి చూశాడు. ‘ఇదేంటండీ, పాతదానిలా ఉంది? పైగా పొట్టి. పెరిగే పిల్లండీ.’

దుకాణదారు రైఫిలు తీసుకుని, భుజానికి ఆనే వెనక భాగం విప్పి చూపించాడు. మధ్యలో పలుచటి బిళ్ళలు పెట్టుకోవచ్చట. పిల్ల పెరిగిన కొద్దీ ఒక్కోటి చేరుస్తూ పోతే రైఫిలు పొడుగవుతుంది.

‘గౌను కింద మడత పెట్టి కుట్టి, ఏడాదికోసారి విప్పినట్టు’ అన్నాను.

‘బస్, గంతే అమ్మా.’

అల్లుడి ముఖం కొద్దిగా విప్పారింది. ‘అంటే ఇది కూడా పెరుగుతుందా? ఈ మాట నిన్ననే చెప్పొచ్చు కదండీ?’

‘పాపను నిన్ననే తీస్కరావచ్చు గద సార్?’

అయినా అతని చూపు ఆ నల్లదాన్ని వదలలేదు. వదలకపోవడం నేను చూశాను, పిల్ల కూడా చూసింది. నేను నోరు తెరవబోయాను. అంతలో అది తండ్రి చొక్కా చివర పట్టుకుంది.

‘నాన్నా, గది మంచిదే. కానీ గది నాకు పనికి రాదు. నాకు ఇది గావాలె.’

తలెత్తి తండ్రి ముఖంలోకే చూసింది. చూడలేనన్న ముఖం అదే. అల్లుడు కాసేపు బిడ్డను, కాసేపు ఆ గోధుమరంగు కర్రను చూశాడు.

‘మెడ నొప్పి ఇంత ఉందని నాకెందుకు చెప్పలేదురా?’ అన్నాడు.

‘నువ్వు వీడియో చూస్తుంటివి’ అంది అది.

అతను కార్డు తీశాడు. ధర నేను అడగలేదు, అతను చెప్పలేదు. కొన్ని సంగతులు అల్లుళ్ళ దగ్గర అడగకపోవడమే మర్యాద.

ఇంటికి వచ్చేసరికి మా ఆయనకు కొత్త హుషారు పుట్టింది. శుభమైన కన్నుకు కొన్న శుభమైన తుపాకి కదా. పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు సర్దాడు. ‘కొత్త బండికి చెయ్యమా? దీనికి సుత పొద్దుగాల పూజ చెయ్యాలె. గొట్టానికి ఒక బొట్టు, కట్టెకు ఒక బొట్టు, గీ చూసే బొక్కకు ఒక బొట్టు.’

పిల్ల ముఖం పాలిపోయింది. ‘తాతా, గా బొక్కల పసుపు పోతే ఖతం!’

‘పసుపుతోటి ఎవలన్న ఖతమైన్రా?’ అన్నాడు తాత. ముహూర్తం ఏడు గంటలకు అని పంచాంగం మూసి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను ముందే లేచి, రైఫిలు ఉన్న పెట్టె మీద నా వేలితోనే చిన్న కుంకుమ బొట్టు పెట్టాను, పెట్టె మూసి ఉంది గనుక. పిల్లను లేపాను. ఆయన స్నానానికి పోగానే ఇద్దరం మెట్లు దిగాం. ఆటోలో పెట్టె మా ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా ఉంది.

‘ఏందమ్మా అది, గిటారా?’ అన్నాడు ఆటో అతను.

‘ఆఁ, గిటారే.’

‘పాప ఏం పాటలు వాయిస్తది?’

‘ఒక్కటే పాట. అది సుత ఒక్కటే దెబ్బ.’

రేంజిలో కోచ్ రైఫిలును అటూ ఇటూ తిప్పి చూసి పిల్ల చేతికిచ్చింది. కుడి కన్ను అడ్డు రాకుండా దాని ముందు చిన్న తెల్ల అట్ట కట్టింది. నేను అద్దం వెనక బెంచీ మీద కూర్చున్నాను. మొదటి దెబ్బ ఎటు పోయిందో నాకు తెలియలేదు. రెండోది, మూడోది కూడా తెలియలేదు. పిల్ల మెడ మాత్రం చూస్తూనే ఉన్నాను. వంగలేదు. చాలాసేపటికి అట్టలు మార్చడానికి అందరూ ఆగినప్పుడు వెనక్కి తిరిగి, అద్దంలోంచి నాకు వినిపించదని మర్చిపోయి, ఏదో అంది. తర్వాత తన మెడను తానే తట్టి చూపించి, చెయ్యి ఊపింది. కోచ్ అట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. నల్ల చుక్క మధ్యలో చిరిగి ఉంది.

‘పేరిస్తున్నానమ్మా’ అంది.

అప్పుడే ఫోను మోగింది. మా ఆయన.

‘ఏడికి పోయిన్రు మీరు? ముహూర్తం దాటిపాయె!’

‘గన్ను పనికెక్కింది’ అన్నాను.

‘మరి నిమ్మకాయలు?’

‘పులిహోరల పిండుమని బిడ్డకు చెప్పు’ అని ఫోను పెట్టేసి, ఆ అట్టను మడత పడకుండా కొంగులో పట్టుకుని మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను.